ఒకే ఎయిర్‌పోర్ట్, ఒకే జులై, మూడు ట్రాఫిక్ లెక్కలు: ఏది నమ్మాలి?

లెక్కల_లక్ష్మి
ఉత్తర ఒంటారియోలో ఒక చిన్న మునిసిపల్ ఎయిర్‌పోర్ట్. టవర్ లేదు, ఫ్లైట్ సర్వీస్ స్టేషన్ లేదు, పగటిపూట యూనికామ్ (పైలట్లతో మాట్లాడే ఊరి రేడియో) మాత్రం ఉంది. నిరుడు జులైలో ట్రాఫిక్ ఎంతో కౌన్సిల్‌కి చెప్పాలి. చేతిలో మూడు లెక్కలున్నాయి. యూనికామ్ ఆపరేటర్ రాసిన రేడియో షీటు ఒకటి, టెర్మినల్ కప్పు మీది ఏడీఎస్-బీ (విమానం తానెక్కడుందో తానే పంపే సిగ్నల్) రిసీవర్ లెక్క ఒకటి, ల్యాండింగ్ ఫీజు ఇన్వాయిస్‌లు ఒకటి. రిసీవర్ చెప్పేది రేడియో షీటులో సగం కూడా లేదు. ఇన్వాయిస్‌లైతే ఆరో వంతు. పైగా అంతకుముందు ఏడాదితో పోలిస్తే రేడియో షీటు పెరిగింది, మిగతా రెండూ తగ్గాయి. టెర్మినల్లో ప్యాసింజర్లు చూస్తే పలచబడ్డారు. ఇంతకీ ట్రాఫిక్ పెరిగినట్టా, తగ్గినట్టా?

ఊరికే_చూస్తున్నా
మూడూ కూడి మూడుతో భాగించండి. కౌన్సిల్లో ఎవడూ అడగడు.

సర్క్యూట్_సుబ్బారావు
అడుగుతారు బాబూ, గ్రాంటు దగ్గరికొచ్చేసరికి అందరూ అడుగుతారు.

లక్ష్మిగారూ, ముందు ఏ లెక్క దేన్ని లెక్కపెడుతోందో చూడండి. స్టాట్‌క్యాన్ (కెనడా గణాంకాల సంస్థ) దృష్టిలో మూవ్‌మెంట్ అంటే ఒక టేకాఫ్, లేదా ఒక ల్యాండింగ్, లేదా ఒక సిమ్యులేటెడ్ అప్రోచ్ (నేల తాకకుండా చేసే దిగే సాధన). వచ్చి వెళ్లిన విమానం రెండు. పైనుంచి దాటిపోయింది సున్నా. టచ్ అండ్ గో కూడా రెండే, చక్రం తాకడం ఒకటి, మళ్లీ లేవడం ఒకటి. ఒక సెస్నా 172 (చిన్న ట్రైనింగ్ విమానం) గంటసేపు సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ చుట్లు) కొట్టి ఎనిమిది రౌండ్లు తిరిగిందనుకోండి, ఎనిమిది టేకాఫ్‌లు, ఎనిమిది ల్యాండింగ్‌లు, వెరసి 16. రోజుకి మూడుసార్లు వచ్చిపోయే ఎయిర్‌లైన్ సర్వీసు 6. స్టూడెంటు గంట పని ఎయిర్‌లైన్ రెండున్నర రోజుల పనిని దాటేసింది. ఆ సెస్నా మీ ఊరిదే అయితే దానికి ల్యాండింగ్ ఫీజు బిల్లే పడదు. మీ ఇన్వాయిస్‌లు ఆరో వంతు ఉండటంలో వింతేమీ లేదు.

డాష్8_దాసు
ఫీజు ల్యాండింగ్‌కే కదా, టేకాఫ్‌కి కాదు. అక్కడే సగం పోయింది. ఇంధనం పోయించుకుంటే ఫీజు మాఫీ చేసే ఊళ్లున్నాయి. మెడెవాక్‌ని (రోగుల్ని మోసే విమానాన్ని), ప్రభుత్వ విమానాలను వదిలేసేవాళ్లున్నారు. ఇన్వాయిస్ అనేది వసూలు లెక్క, దాన్ని ట్రాఫిక్ అనుకోకూడదు.

లెక్కల_లక్ష్మి
సరే, ఇన్వాయిస్‌లు పక్కన పెట్టా. మరి రిసీవర్? అది యంత్రం కదా, మనిషికన్నా నయమే ఉండాలి.

అంటెన్నా_బాబాయ్
అక్కడే పొరబాటు. కెనడాలో ఏడీఎస్-బీ అవుట్ తప్పనిసరి అయింది పై గగనతలానికి. క్లాస్ ఏ లో 2023 ఆగస్టు నుంచి, క్లాస్ బీ లో 2024 మే నుంచి. కింద తిరిగే చిన్న విమానాలకు ఆ రూలు లేదు. పైగా నావ్ కెనడా (అక్కడి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ సంస్థ) ఉపగ్రహాల ద్వారా వింటుంది కాబట్టి అంటెన్నా విమానం పైభాగాన కూడా ఉండాలంటారు. పాత చెరోకీ లాంటి చిన్న విమానం ఉన్నవాడు ఆ ఖర్చుకి తొందరపడడు. అందువల్ల మోడ్ సీ ట్రాన్స్‌పాండర్ (ఎత్తు చెప్పేది, చోటు చెప్పనిది) మాత్రమే ఉన్న విమానాలు, అది కూడా లేని అల్ట్రాలైట్లు మీ రిసీవర్‌కి కనపడవు. ఒంటి రిసీవర్ పొజిషన్ పంపని విమానాన్ని మ్యాపు మీద పెట్టలేదు. మల్టిలేటరేషన్ (సిగ్నల్ అందిన సమయాల తేడాతో చోటు కనుక్కోవడం) చేయాలంటే కనీసం నాలుగు రిసీవర్లు కావాలి.

కనపడే వాటిలోనూ ఒక తిరకాసు ఉంది. విమానం పంపే ఎత్తు ప్రెషర్ ఆల్టిట్యూడ్, అంటే 29.92 అంగుళాల లెక్క. ఆ రోజు ఆల్టిమీటర్ సెట్టింగ్ 29.42 అయితే రన్‌వే మీద నిలబడ్డ విమానం ఫీల్డ్ ఎలివేషన్ కంటే 500 అడుగులు పైనున్నట్టు కనపడుతుంది. చలికాలం హై ప్రెషర్‌లో 30.52 అయితే 600 అడుగులు భూమిలో ఉన్నట్టు! సాఫ్ట్‌వేర్‌లో "300 అడుగుల కిందికొస్తే ల్యాండింగ్" అని గీత గీసి, మెటార్ (ఎయిర్‌పోర్ట్ వాతావరణ రిపోర్టు) నుంచి ఆల్టిమీటర్ సవరణ చేయకపోతే, వాన రోజు దిగిన విమానాలను వదిలేస్తుంది, ఎండ కాసిన చలిరోజు పైనుంచి పోయినవాటిని కూడా దిగినట్టు రాస్తుంది.

ఊరికే_చూస్తున్నా
600 అడుగులు భూమిలో అంటే సడ్‌బరీ నికెల్ గనిలో దిగినట్టే.

లెక్కల_లక్ష్మి
మా దాంట్లో మెటార్ సవరణ ఉందో లేదో చూస్తా. టచ్ అండ్ గోలను ఎలా లెక్కిస్తుంది బాబాయ్?

అంటెన్నా_బాబాయ్
చాలా సాఫ్ట్‌వేర్లు సరిగా లెక్కించవు. అంటెన్నాకీ రన్‌వే ఒక కొసకీ మధ్య హ్యాంగర్ అడ్డుంటే ఆఖరి 200 అడుగుల్లో సిగ్నల్ పోతుంది. విమానం షార్ట్ ఫైనల్లో (దిగే ముందు ఆఖరి ముక్కలో) మాయమై అప్‌విండ్‌లో (లేచి రన్‌వే దాటేప్పుడు) మళ్లీ తేలుతుంది. ఒకటేమో దాన్ని సున్నా అంటుంది, ఇంకోటి ఒకటే ల్యాండింగ్ అంటుంది. ఎనిమిది సర్క్యూట్ల గంటని "ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్" అని తేల్చేవీ ఉన్నాయి. 16 ఉండాల్సిన చోట 2.

జులూ_టైమ్
రేడియో షీటు కూడా ఏమంత పతివ్రత కాదు. ఆపరేటర్ దేనికి గీత పెడుతున్నారో అడిగారా? తప్పనిసరి ఫ్రీక్వెన్సీ ఉన్నచోట కెనడియన్ ఏవియేషన్ రెగ్యులేషన్స్ 602.101 ప్రకారం వచ్చే విమానం జోన్‌లోకి రావడానికి ఐదు నిమిషాల ముందు ఒకసారి, సర్క్యూట్‌లో చేరేప్పుడు, డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా పోయేప్పుడు), ఫైనల్లో (రన్‌వేకి ఎదురుగా దిగేప్పుడు), రన్‌వే ఖాళీ చేశాక చెప్పాలి. మీ దగ్గర యూనికామే అయినా పైలట్లు అదే వరస పాటిస్తారు. ఒక ల్యాండింగ్‌కి ఐదు పిలుపులు. వెళ్లేవాడు రన్‌వే ఎక్కే ముందు, టేకాఫ్ ముందు, సర్క్యూట్ దాటేప్పుడు చెప్తాడు. పిలుపుకో గీత పెడితే ఊరు హీత్రో అవుతుంది.

సరైన పద్ధతి ఇది. టేకాఫ్‌కి రోలింగ్ పిలుపు మీద ఒక గీత. ఫుల్ స్టాప్‌కి "క్లియర్ ఆఫ్ రన్‌వే" మీద ఒక గీత. ఫైనల్లో "టచ్ అండ్ గో" అంటే అక్కడే రెండు గీతలు, ఎందుకంటే వాడు క్లియర్ పిలుపు ఎప్పటికీ ఇవ్వడు. ఫైనల్లో "ఫుల్ స్టాప్" అన్నవాడికి అప్పుడే గీత పెట్టకూడదు, ఓవర్‌షూట్ చేయొచ్చు (దిగకుండా మళ్లీ లేచిపోవచ్చు). రిజిస్ట్రేషన్ చివరి మూడక్షరాలు పక్కన రాయాలి, లేకపోతే సాయంత్రం సరిచూసుకోడానికి ఆధారం ఉండదు.

బుష్_కోడి
@జులూ_టైమ్ ఇంకొకటి మర్చిపోయావు గురూ. ఫ్రీక్వెన్సీ పంచుకోవడం. 122.8, 123.0, 123.2 మీద డజన్ల కొద్దీ ఫీల్డులుంటాయి. 5,500 అడుగుల్లో ఉన్నవాడి గొంతు దాదాపు 90 నాటికల్ మైళ్ల దాకా వినిపిస్తుంది. జులై శనివారం పక్క ఊరి సర్క్యూట్ మీ స్పీకర్లో మోగుతుంది. పైలట్లు మొదటా చివరా "ఫలానా ట్రాఫిక్" అని ఊరి పేరు చెప్పేది అందుకే. ఆపరేటర్ కాఫీ కలుపుకుంటూ సగం విని గీత పెడితే పక్క ఊరి విమానం మన ఖాతాలో పడుతుంది.

రెండో వైపు, తప్పనిసరి ఫ్రీక్వెన్సీ లేని ఫీల్డులో రేడియో లేకుండా కూడా దిగొచ్చు. ఆ పసుపు కబ్ (పాతకాలం చిన్న విమానం) తాతలు ఎప్పుడొస్తారో ఎప్పుడు పోతారో దేవుడికే తెలియాలి.

సర్క్యూట్_సుబ్బారావు
లోకల్ (ఇక్కడే తిరిగేవి), ఇటినరెంట్ (బయటికి పోయేవీ బయటినుంచి వచ్చేవీ) విడివిడిగా రాస్తున్నారా అన్నది అసలు ప్రశ్న. పెరిగింది లోకల్ అయితే అది స్కూలు విమానాల పెరుగుదల. ఇటినరెంట్ పెరిగితేనే ఊరికి రాకపోకలు పెరిగినట్టు. ట్రైనింగ్ అంతా లోకల్‌లో వేసి చూడండి, బొమ్మ కనపడుతుంది.

జులూ_టైమ్
@సర్క్యూట్_సుబ్బారావు ఆ చివరి ముక్క తప్పు మాస్టారూ. ట్రైనింగ్ అంతా లోకల్ కాదు. సర్క్యూట్‌లో ఉండిపోతేనే లోకల్. ప్రాక్టీస్ ఏరియాకి పోయి స్టాల్స్, స్టీప్ టర్న్స్ చేసుకుని, మరెక్కడా దిగకుండా అదే రన్‌వే మీదికి తిరిగొస్తే స్టాట్‌క్యాన్ నిర్వచనంలో అది ఇటినరెంట్.

సర్క్యూట్_సుబ్బారావు
నిజమే, ఒప్పుకున్నా. సర్క్యూట్ వదిలి బయటికెళ్లినా ఇటినరెంటే. అయితే ఇటినరెంట్ పెరిగినంత మాత్రాన బయటివాళ్లు వచ్చారనడానికీ లేదు. స్కూలు తన సిలబస్‌లో సర్క్యూట్లు తగ్గించి ఎయిర్‌వర్క్ (ప్రాక్టీస్ ఏరియా పని) పెంచితే లోకల్ పడిపోతుంది, ఇటినరెంట్ కొంచెం పెరుగుతుంది, మొత్తం తగ్గుతుంది. విమానాలు అవే, గంటలు అవే.

డాష్8_దాసు
స్కూళ్ల సంగతొచ్చింది కాబట్టి. సెనెకా కాలేజీ తన ఫ్లయింగ్ ప్రోగ్రామ్‌ని 2014లో టొరంటో దగ్గరి బటన్‌విల్ నుంచి పీటర్‌బరోకి మార్చింది. ఒకచోట లెక్క జారింది, ఇంకోచోట ఎగబాకింది, దేశంలో ట్రాఫిక్ అంతే. తర్వాత 2023 నవంబర్ చివర్లో బటన్‌విల్ పూర్తిగా మూసేశారు, అక్కడి విమానాలు చుట్టుపక్కల ఫీల్డులకు సర్దుకున్నాయి. అంతకుముందు 2013 నవంబర్ చివర్లో ఎడ్మంటన్ సిటీ సెంటర్ మూసినప్పుడూ ఇదే తంతు. చిన్న విమానాలు విలెనూవ్ వంటి చోట్లకి, మెడెవాక్ ఎడ్మంటన్ ఇంటర్నేషనల్‌కి వెళ్లాయి. పక్క ఫీల్డు మూతపడ్డ ఏడాది మీ లెక్క పెరిగితే "మా ఊరు అభివృద్ధి చెందింది" అని స్లయిడ్ వేయకండి.

కౌన్సిల్_కంఠశోష
స్కూళ్లలో విదేశీ స్టూడెంట్ల వాటా ఎంతో కూడా చూడాలి. మనవాళ్లే బోలెడంత మంది కమర్షియల్ లైసెన్సు కోసం బీసీకీ (బ్రిటిష్ కొలంబియాకి) ఒంటారియోకీ వస్తారు. ఇండియాలో డీజీసీఏ 200 గంటలు అడుగుతుంది, ఆ గంటలు ఇక్కడి రన్‌వేల మీద మూవ్‌మెంట్లవుతాయి. 2024 జనవరిలో ఒట్టావా స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది. ఒక స్కూలుకి ఒక బ్యాచ్ తగ్గితే ఆ ఊరి గ్రాఫులో పల్లం పడుతుంది. దానికీ స్థానిక ఆర్థిక పరిస్థితికీ సంబంధం ఉండదు.

ఊరికే_చూస్తున్నా
అంటే గుంటూరులో లోను శాంక్షన్ అయితే బీసీ బౌండరీ బేలో ట్రాఫిక్ పెరుగుతుందన్నమాట.

కౌన్సిల్_కంఠశోష
నవ్వులాటకన్నా, నిజం అంతే. రాజమండ్రి, కడప లాంటి చోట ఎయిర్‌లైన్ విమానమే ట్రాఫిక్. టైమ్‌టేబుల్ చూస్తే సుమారు లెక్క వచ్చేస్తుంది. ఇక్కడి చిన్న ఫీల్డులో టైమ్‌టేబుల్ అసలు కథలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు.

లెక్కల_లక్ష్మి
మా ఊళ్లో రెగ్యులర్ స్కూలు లేదు. వేసవిలో ఎయిర్ క్యాడెట్ల గ్లైడర్లు కొన్ని వారాలు ఎగిరాయి.

సర్క్యూట్_సుబ్బారావు
అదిగో! గ్లైడర్ ఒక్కసారి ఎగిరితే నాలుగు మూవ్‌మెంట్లు. లాగే విమానం టేకాఫ్, గ్లైడర్ టేకాఫ్, లాగే విమానం ల్యాండింగ్, గ్లైడర్ ల్యాండింగ్. పది నిమిషాలకో ఎగురుడు పెట్టుకుంటే గంటకి 24. వాతావరణం బాగున్న ఒక వారం చాలు, జులై బొమ్మ మారిపోడానికి. అంతకుముందు ఏడాది అదే క్యాంపు ఆగస్టులో పెట్టారేమో కనుక్కోండి.

బుష్_కోడి
ఉత్తర ఒంటారియో జులై అంటే ఇంకో అనుమానితుడు కార్చిచ్చు. సీఎల్-415 (మంటలార్పే విమానం) నీళ్లు చెరువులోంచి ఎత్తుకుంటుంది. 12 సెకన్లలో 6,000 లీటర్లకు పైగా. పొద్దుట లేచి, చెరువుకీ మంటకీ మధ్య ఇరవైసార్లు తిరిగి, ఇంధనానికి దిగుతుంది. ఎయిర్‌పోర్ట్ లెక్కలో అది 2. అదే బీసీలో రిటార్డెంట్ (మంట వ్యాపించకుండా చల్లే మందు) మోసే చక్రాల విమానమైతే ప్రతి లోడుకీ రన్‌వేకి రావాలి. ఇరవై లోడ్లు అంటే 40. మంట అదే, ఆర్పిన శ్రమ అదే, గణాంకం ఇరవై రెట్లు. పెంటిక్టన్, క్యామ్‌లూప్స్ లాంటి ట్యాంకర్ బేసుల వేసవి అంకెలు చూసేప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పొగ ఎక్కువైతే మళ్లీ ఉల్టా. వీఎఫ్ఆర్ (కళ్లతో చూసుకుంటూ ఎగిరే) స్కూళ్లు నేలన కూచుంటాయి. ట్యాంకర్లు, హెలికాప్టర్లు పెరిగి, సెస్నాలు తగ్గి, మొత్తం ఎటు కదిలిందో కూడా తెలియదు.

అరవైకి_ఉత్తరం
కార్చిచ్చే కాదు, నది కూడా. 2024లో మెకెంజీ నదిలో నీళ్లు అడుగంటి నార్మన్ వెల్స్‌కి బార్జులు రద్దయ్యాయి. పడవలో రావాల్సిన సరుకు విమానమెక్కింది. జేమ్స్ బే వైపు మూసోనీ, మూస్ ఫ్యాక్టరీ మధ్య నది గడ్డకట్టేప్పుడూ కరిగేప్పుడూ పడవా నడవదు, మంచు దారీ బరువు మోయదు, ఆ కొన్ని వారాలు హెలికాప్టరే దిక్కు. ఆల్బనీ నది పొంగితే వసంతంలో కషెచెవాన్ జనాన్ని విమానాల్లో తరలిస్తారు, టిమ్మిన్స్, కపుస్కేసింగ్ లాంటి ఊళ్ల ఏప్రిల్, మే లెక్కలో అవన్నీ కనపడతాయి. దీనికి ఎదురు కూడా ఉంది. 2017 నవంబర్‌లో ఇనువిక్ నుంచి టక్టోయాక్టక్‌కి ఏడాది పొడవునా తిరిగే రోడ్డు తెరిచారు. రోడ్డు పడ్డాక ప్రతి ప్రయాణానికీ విమానం అక్కర్లేదు.

ఉత్తరాన ఇంకో చిక్కు పనివేళలు. కమ్యూనిటీ ఏరోడ్రోమ్ రేడియో స్టేషన్ తెరిచిన గంటల్లోనే మనిషి ఉంటాడు. అర్ధరాత్రి మెడెవాక్ కోసం కాలవుట్ ఇచ్చి మనిషిని పిలిపిస్తే లాగులో పడుతుంది, పిలవకుండా దిగిపోతే పడదు. స్టేషన్ వేళలు రెండు గంటలు పెంచిన ఏడాది ట్రాఫిక్ "పెరుగుతుంది". ఎగిరింది అంతే, విన్నది ఎక్కువ.

లెక్కల_లక్ష్మి
మాకూ రాత్రి ఎవరూ ఉండరు. ఓర్ంజ్ (ఒంటారియో ఎయిర్ అంబులెన్స్) పీసీ-12లు రాత్రిళ్లే ఎక్కువ వస్తాయంటారు. రన్‌వే లైట్లు రేడియో క్లిక్కులతో వెలిగే ఆర్కాల్. ఆ కంట్రోలర్లో ఎన్నిసార్లు వెలిగిందో కౌంటర్ ఉంది. దాన్ని రాత్రి ట్రాఫిక్‌గా తీసుకోవచ్చా?

జులూ_టైమ్
నేరుగా వద్దు. టైప్ కే అయితే ఏడు క్లిక్కులతో వెలిగి, ఐదుకీ మూడుకీ వెలుగు తగ్గుతుంది. కౌంటర్ ఆ మార్పులను కూడా లెక్కేస్తుందేమో చూడండి. లైట్లు సుమారు 15 నిమిషాలే ఉంటాయి. మెడెవాక్ పైలట్ దూరం నుంచి ఒకసారి వెలిగిస్తాడు, దగ్గరికొచ్చాక ఆరిపోకుండా ఇంకోసారి నొక్కుతాడు, రోగిని ఎక్కించుకుని టేకాఫ్‌కి మళ్లీ. రెండు మూవ్‌మెంట్లకి మూడు వెలుగులు. పై ఎత్తున పోయేవాడు ఊరు ఎక్కడుందో చూసుకోడానికి నొక్కేసినా లెక్కలో పడుతుంది. అంచనాకి పనికొస్తుంది, అంతే. మెడెవాక్ ఖచ్చితంగా కావాలంటే ఆపరేటర్‌ని నెలవారీ ల్యాండింగ్ లిస్టు అడగండి. ఎలాగూ ఏడీఎస్-బీ ఉన్న విమానాలే కాబట్టి రిసీవర్ ఈ ఒక్కదాంట్లో మీకు బాగా సాయపడుతుంది.

ఇంకో చిన్న విషయం. మీ షీటు లోకల్ టైమ్, రిసీవర్ యూటీసీ (అంతర్జాతీయ సమయం) అయితే రోజులు కలవవు. ఒంటారియో ఈస్టర్న్ టైమ్‌లో వేసవిలో రాత్రి 8 దాటిందంటే యూటీసీకి మర్నాడు. జులై 31 రాత్రి మెడెవాక్ రిసీవర్‌కి ఆగస్టు.

డాష్8_దాసు
ప్యాసింజర్లు పలచబడ్డారన్నారు కదా. దానికి మూవ్‌మెంట్ లెక్కతో ముడిపెట్టొద్దు. 37 సీట్ల డాష్ 8-100 రోజుకి నాలుగుసార్లు వస్తే 148 సీట్లు, ఎనిమిది మూవ్‌మెంట్లు. దాన్ని తీసేసి 78 సీట్ల క్యూ400 రెండుసార్లు పెడితే 156 సీట్లు, నాలుగు మూవ్‌మెంట్లు. సీట్లు పెరిగాయి, మూవ్‌మెంట్లు సగమయ్యాయి. జాజ్ (ఎయిర్ కెనడాకి ప్రాంతీయ సర్వీసులు నడిపే సంస్థ) పాత డాష్‌లను పక్కన పెట్టేకొద్దీ చాలా ఊళ్లలో ఇదే జరిగింది. కాకపోతే పొద్దున పోయి సాయంత్రం వచ్చే వీలు పోయిందంటే ఆఫీసు పని మీద పోయేవాడు కారెక్కుతాడు. అప్పుడు నిజంగానే ప్యాసింజర్లు పోతారు.

2020 జూన్ 30న ఎయిర్ కెనడా 30 దేశీయ రూట్లు ఆపి 8 స్టేషన్లు మూసేస్తానని చెప్పింది. వాటిలో ఒంటారియోవి కింగ్‌స్టన్, నార్త్ బే. ఆ ఏడాది అలాంటి ఊళ్ల మూవ్‌మెంట్ల మొత్తం మాత్రమే చూసినవాడికి దెబ్బ ఎంత పెద్దదో అర్థం కాదు, చిన్న విమానాలు ఎగురుతూనే ఉన్నాయి కాబట్టి.

కౌన్సిల్_కంఠశోష
ప్యాసింజర్ లెక్కలో కూడా గుంతలున్నాయి. ఉత్తరాన మెట్రోలైనర్ లాంటి చిన్న విమానం ఒక ఊరినుంచి ఇంకో ఊరికి ఆగుతూ పోతుంది. మీ ఊళ్లో సీట్లోంచి లేవకుండా ముందుకెళ్లినవాడు మీ ఎక్కిన దిగిన లెక్కలో ఉండడు. విమానం మాత్రం రెండు మూవ్‌మెంట్లు ఇస్తుంది. గని చార్టర్లు షెడ్యూల్డ్ కాదు. ఎయిర్‌పోర్ట్ ఇంప్రూవ్‌మెంట్ ఫీ డబ్బునుంచి వెనక్కి లెక్కగడితే అది బయలుదేరేవాళ్లది మాత్రమే, రెట్టింపు చేయాలి. చంటిపిల్లలు, కనెక్షన్ ప్యాసింజర్లు అందులో ఉండరు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే ఏసీఏపీ (ఎయిర్‌పోర్టుల పనులకి కేంద్రం ఇచ్చే సాయం) గ్రాంటుకి ట్రాన్స్‌పోర్ట్ కెనడా చూసేది మూవ్‌మెంట్లు కాదు. ఏడాది పొడవునా షెడ్యూల్డ్ సర్వీసు, ఏడాదికి కనీసం 1,000 మంది కమర్షియల్ ప్యాసింజర్లు. లక్షన్నర మూవ్‌మెంట్లున్న ట్రైనింగ్ ఫీల్డుకి షెడ్యూల్డ్ సర్వీసు లేకపోతే రన్‌వేకి ఆ దారిలో పైసా రాదు. పై వైపు 180,000 ప్యాసింజర్లు దాటితే విమానాశ్రయ ఫైర్ సర్వీసు నిబంధన మెడకి పడుతుంది. ఇవన్నీ ప్యాసింజర్ గీతలు.

లెక్కల_లక్ష్మి
అయితే మూవ్‌మెంట్లు ఎవరికి కావాలి?

కౌన్సిల్_కంఠశోష
నావ్ కెనడాకి. ఏ స్థాయి సర్వీసు ఇవ్వాలో తేల్చే అధ్యయనంలో ట్రాఫిక్ ఎంత, ఎలాంటిది అన్నది ముఖ్యం. కోవిడ్‌లో ఫోర్ట్ మెక్‌మరీ, ప్రిన్స్ జార్జ్, రెజైనా, క్యూబెక్‌లోని సెయింట్-జీన్, సూ సెయింట్ మరీ, వైట్‌హార్స్, విండ్సర్ టవర్లను అలాగే తూకం వేశారు. 2021 ఏప్రిల్లో మూసే ఆలోచన మానుకున్నారు. శబ్దం గొడవ పెట్టే ఇరుగుపొరుగుకి లోకల్ లెక్క కావాలి, వాళ్ల తల మీద తిరిగేది సర్క్యూట్లే. రన్‌వే తారు ఎప్పుడు వేయాలో తేల్చే ఇంజనీరుకి బరువు కావాలి. వెయ్యి సెస్నాలు దిగినా తారుకి చీమ కుట్టినట్టే.

బుష్_కోడి
వాతావరణం గురించి ఒక్క మాట. బీసీలో క్యాసిల్‌గార్‌ని జనం "క్యాన్సిల్‌గార్" అనేది ఊరికే కాదు. చుట్టూ కొండలు, చలికాలం లోయలో మబ్బు దిగితే ఎయిర్‌లైన్ దిగలేదు. రద్దయిన ప్రతి రాకపోకా రెండు మూవ్‌మెంట్ల లోటు. అవి వేరే ఊరికి మళ్లితే అక్కడ రెండు అదనం. డిమాండ్ తగ్గి కాదు, మబ్బు వల్ల. జనవరిని జనవరితో పోల్చేవాళ్లు రద్దుల లెక్క పక్కన పెట్టుకోవాలి.

అంటెన్నా_బాబాయ్
శనివారాలు కూడా. ఒక జులైలో నాలుగు, ఇంకో జులైలో ఐదు వస్తాయి. చిన్న ఫీల్డుకి ఎండ కాసిన ఒక్క శనివారం నాలుగు పనిదినాలతో సమానం.

లక్ష్మీ, చివరికి చేయాల్సింది ఒకటే. సీజన్‌కి ఒక వారం, అంటే ఏడాదిలో నాలుగు వారాలు, మనిషిని కూచోబెట్టి కళ్లతో లెక్కపెట్టించు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్. షీటులో సమయం, రిజిస్ట్రేషన్, రకం, లోకలా ఇటినరెంటా, రేడియో మాట్లాడాడా లేదా. అదే వారం రిసీవర్ ఎన్ని చూసిందో పక్కన పెట్టు. లోకల్‌కి ఒక గుణకం, ఇటినరెంట్‌కి ఇంకో గుణకం వస్తాయి. రెంటినీ కలిపి ఒకే గుణకం తీయొద్దు. రిసీవర్ ఇటినరెంట్‌ని బాగానే పడుతుంది, సర్క్యూట్లనే మింగేస్తుంది. చలికాలం గుణకాన్ని వేసవికి వాడొద్దు, వేసవిలో వచ్చే పాత విమానాలు చలికాలం హ్యాంగర్లో పడుకుంటాయి.

ఊరికే_చూస్తున్నా
జనవరిలో ఉత్తర ఒంటారియోలో బయట కూచుని లెక్కపెట్టేవాడికి జీతమా, బీమానా?

అంటెన్నా_బాబాయ్
లోపల కిటికీ దగ్గర కుర్చీ చాలు. జనవరిలో రోజుకి వచ్చేవి వేళ్ల మీద లెక్కే.

లెక్కల_లక్ష్మి
షీట్లు తిరగేశా. ముందు చెడు వార్త. ఆపరేటర్ షీటులో "డౌన్‌విండ్", "ఫైనల్", "క్లియర్" అని మూడు గడులున్నాయి. నెలాఖరున మూడూ కూడేశారు. ముందు ఏడాది షీటులో రెండే గడులు. పెరుగుదలలో పెద్ద ముక్క అక్కడే దొరికింది.

రిసీవర్లో మెటార్ సవరణ లేదు. క్యాడెట్ క్యాంపు నిజంగానే ముందు ఏడాది ఆగస్టులో జరిగింది. గ్లైడర్లకు ట్రాన్స్‌పాండర్ లేదు కాబట్టి రిసీవర్‌కి ఒక్కటీ కనపడలేదు.

ఇంకా ఒకటి తేలడం లేదు. షీటులో ఫైనల్ ఉంది, క్లియర్ లేదు, టచ్ అండ్ గో అని కూడా లేదు. అలాంటివి జులైలో బోలెడున్నాయి. రిజిస్ట్రేషన్లు చూస్తే బీవర్లు, సెస్నా 185లు.

తేలుడు_విమానం
ఎయిర్‌పోర్ట్ పక్కన చెరువుందా?

లెక్కల_లక్ష్మి
ఉంది. రెండు కిలోమీటర్లు. ఫిషింగ్ లాడ్జ్‌ల వాళ్ల ఫ్లోట్ బేస్ అక్కడే.

తేలుడు_విమానం
అయితే అవి మీ రన్‌వే మీద దిగలేదు. నీళ్ల మీద దిగాయి. ఊరి పేరు అదే, ఫ్రీక్వెన్సీ అదే, "ఫలానా ట్రాఫిక్, ఫైనల్" అంటారు. రన్‌వే లేదు కాబట్టి "క్లియర్ ఆఫ్ రన్‌వే" అనరు, డాక్‌కి పోతున్నా అంటారు. వాటర్ ఏరోడ్రోమ్ విడి ఏరోడ్రోమ్, విడి కోడ్. నేల మీదివి కెనడా ఫ్లైట్ సప్లిమెంట్‌లో ఉంటే అవి వాటర్ ఏరోడ్రోమ్ సప్లిమెంట్‌లో ఉంటాయి. రెండు లెక్కలూ కలపకూడదు. మంచు కరిగిన దగ్గర్నుంచి గడ్డకట్టేదాకా, అంటే మే నుంచి అక్టోబర్ దాకా షీట్లన్నీ ఇలాగే కలిసిపోయి ఉంటాయి, ఒక్క జులైనే కాదు.

ఒక జాగ్రత్త. ఆంఫీబియస్ ఫ్లోట్లున్న బీవర్లు చక్రాలు దించుకుని మీ రన్‌వే మీద కూడా దిగుతాయి, ఇంధనానికి. అన్నిటినీ కొట్టేయకండి. ఫ్యూయల్ స్లిప్పుల్లో ఆ రిజిస్ట్రేషన్, ఆ రోజు ఉందేమో చూసి అవి మాత్రం ఉంచండి.

లెక్కల_లక్ష్మి
ఫ్యూయల్ స్లిప్పులు అట్టపెట్టెలో ఉన్నాయి, తేదీ వరస లేదు.

ఊరికే_చూస్తున్నా
మూడుతో భాగించమంటే విన్నారా.